పసుపు వెలుగుకు నాలుగు వేళ్ల దూరంలో

లేజర్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే తప్పకుండా ఒక మాట అడుగుతారు. "సార్, మీ ల్యాబులో పసుపు లేజరుకు అంత సామర్థ్యం ఎలా సాధించారు?" అని. ఆ అంకె ఒక పరిశోధన పత్రికలో ఇప్పటికీ ఉంది. ఆ వ్యాసం మీద వరుసగా ఉన్న పేర్లలో చిట్టచివరిది నాది. అడిగినవాళ్లకు టీ తాగించి, ఆ అంకె అబద్ధమని చెబుతుంటాను. కొందరు నవ్వేసి ఊరుకుంటారు. కొందరు రిటైరయ్యాక ముసలాయనకు చాదస్తం పట్టిందనుకుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక ఇక లేదు కాబట్టి ఒక్కసారే రాసిపెడుతున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. పేర్లు రాస్తే మీ కోపమంతా వాళ్ల మీదికే పోతుంది, నాకు రావలసిన వాటా నాకు రాదు.

మాది వెంకటాచలం దగ్గర వరి పండించే ఇల్లు. డిప్లొమా చదివి ల్యాబులో అసిస్టెంటుగా చేరాను. ల్యాబు కోట ఊరు దాటాక సముద్రం వైపు, రొయ్యల గుంటల మధ్యలో ఉండేది. అద్దాలతో, స్ఫటికాలతో పనిచేసే ల్యాబును ఉప్పుగాలిలో కట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో ఆ మహానుభావుణ్ణి నేను చూడలేదు. చూసి ఉంటే నాలుగు మాటలు అడిగేవాణ్ణి. ఇనప మేకు కొడితే వారానికి తుప్పు పట్టే చోటు అది.

మేం చేసిన పని రెండు ముక్కల్లో చెబుతాను. షుగరు జబ్బు ముదిరితే కంటి వెనక పొరలో సన్నటి రక్తనాళాలు చిట్లి కారతాయి. వాటిని లేజరుతో మూసేస్తారు. అందుకు పసుపు వెలుగు బాగా నప్పుతుంది. అయితే మనకు తేలిగ్గా దొరికే స్ఫటికాలేవీ ఆ పసుపును నేరుగా ఇవ్వవు. అందుకని చుట్టు తిరిగి రావాలి. ముందు ఒక స్ఫటికంలో కంటికి కనపడని పరారుణ కాంతి పుట్టిస్తాం. అది స్ఫటికంలోని అణువులను ఊపి, తన శక్తిలో కొంత వాటికి వదిలిపెట్టి, కాస్త పొడుగు అలగా మారుతుంది. దీన్నే రామన్ మార్పు అంటారు. ఆ పొడుగు అలను మరో స్ఫటికంతో సగానికి కుదిస్తే పసుపు వెలుగు. మెరిసి ఆగి, మెరిసి ఆగే వెలుగుతో ఇదంతా సులువే. ఆగకుండా ధారగా వచ్చే వెలుగుతో చేయడమే కష్టం. వెలుగును అద్దాల మధ్య బంధించి పెంచాలి. అద్దం మీద చిన్న మరక ఉన్నా పని చెడుతుంది.

ఇంకొక్క సంగతి గుర్తు పెట్టుకోండి. పసుపుగా మారకుండా మిగిలిపోయిన పరారుణ కాంతి కూడా పసుపుతో పాటే కొంత బయటికి వస్తుంది. దాన్ని ఆపడానికి చివర్లో ఒక ఫిల్టరు గాజు పెడతాం. రూపాయి బిళ్లంత ఉంటుంది. ఈ కథంతా ఆ బిళ్ల గురించే.

ల్యాబు పెద్దను మేమంతా సార్ అనేవాళ్లం. ఆయన చదువుకు నేను వంక పెట్టను. నల్లబల్ల ముందు నిలబడితే మాలాంటివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పేవారు. ఆయన దగ్గర ఒకమ్మాయి పరిశోధన చేసేది. తడ వైపు నుంచి వచ్చింది, మాటలో రవ్వంత అరవ యాస. అద్దాలు సరిచేసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. పక్కన నేను దగ్గినా ఊరుకునేది కాదు.

గేటు దగ్గర రేకుల పాకలో క్యాంటీన్ నడిపే అక్క ఇంకొకరు. ఆమెది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. నేనామెను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది. ఇద్దరిలో పెద్దెవరో మేమెప్పుడూ తేల్చుకోలేదు. మామిడికాయ ముక్క ఒకటి వేసి ఆమె పెట్టే చేపల పులుసు కోసం సార్ కూడా పాక దాకా నడిచి వచ్చేవారు. ఆమెకు షుగరు. కుడి కన్ను అప్పటికే పొగమంచు పట్టినట్టు అయిపోయింది. ఎడమ కంట్లో కూడా మొదలైందని నెల్లూరు డాక్టరమ్మ చెప్పి, ఆ వచ్చే వారమే లేజరు చేయించుకోవడానికి రమ్మంది.

ఆ మాట సార్ చెవిన పడింది. మా యంత్రానికి మొదటి మనిషి దొరికింది కదా అని సంబరపడ్డారు. ఆ ఆసుపత్రి పెద్దలతో అప్పటికే ఒప్పందం ఉంది, కమిటీ అనుమతి కాగితం ఉంది. ఆ కాగితంలో యంత్రం బొమ్మ గీసి, చివర్లో ఫిల్టరు ఇక్కడ అని బాణం గుర్తు కూడా వేసి ఉంది. ఆ బొమ్మ గీసింది నేనే.

"అక్కను ఒక నెల ఆగమని చెప్పు. ఆసుపత్రిలో ఉండేది పాత ఆకుపచ్చ యంత్రం. మనదైతే నొప్పి తక్కువ" అన్నారు సార్ నాతో.

నేను పోయి చెప్పాను. ఆమె పులుసు గరిటె అలాగే పట్టుకొని, "డాక్టరమ్మ బిన్నా, వచ్చే వారమే రమ్మనిందే అన్నా. ఆగితే ఏం గాదా?" అని అడిగింది.

"ఏం గాదక్కా. మన యంత్రమే గదా, నేను జూసుకుంటా" అన్నాను.

"నువ్వు జెప్తే ఇంకేంది!" అంది.

ఇక బియ్యం సంగతి. ఉప్పుగాలికి చెడకుండా ఫిల్టర్లు, అద్దాలు ఒక మూతపెట్టెలో దాచేవాళ్లం. పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసేవాళ్లం. ఆ కార్తీకంలో తుఫాను మీద తుఫాను వచ్చింది. పొట్లాలు నీరుపట్టి పనికిరాకుండా పోయాయి. కొత్తవాటి కోసం స్టోరుకు ఇండెంటు రాసి పెట్టాను. జవాబు లేదు. మళ్లీ పెట్టాను. స్టాకు లేదని కాగితం తిరిగి వచ్చింది. ఉప్పుసీసాలో నాలుగు బియ్యపుగింజలు వేస్తే ఉప్పు చెమ్మగిల్లదని మా అమ్మ వేసేది. అదే బుర్రలో మెదిలింది. ఇంట్లో శేరు బియ్యం దోరగా వేయించి, గుడ్డ మూట కట్టి పెట్టెలో పెట్టాను. నెల్లూరువాడికి ఏ రోగానికైనా బియ్యమే మందు. పని బ్రహ్మాండంగా జరిగింది. సార్ కూడా మెచ్చుకున్నారు.

మూట ఎక్కడో పిగిలింది. వేగిన బియ్యపు పిండి, కంటికి ఆననంత సన్నటిది, ఫిల్టరు మీద పేరుకుంది. యంత్రం నడిపేసరికి ఆ పిండి మాడి గాజు మీద నల్లటి చుక్కలు పడ్డాయి. తుడిస్తే పోలేదు. శనివారం సాయంత్రం ఆ ఫిల్టరు తీసి పక్కన పెట్టి, కొత్తది తెప్పించాలని చీటీ రాసుకున్నాను. సోమవారం పొద్దున అద్దాలు సరిచూడ్డానికి యంత్రం వేస్తే, వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటరులో ముల్లు ఎన్నడూ లేనంత పైకి పోయింది. పోక ఏం చేస్తుంది? మీటరుకు రంగులు తెలియవు. పసుపుతో పాటు కనపడని వెలుగు కూడా వచ్చి పడుతుంటే రెండూ కలిపి చూపిస్తుంది.

సరిగ్గా అప్పుడే సార్ లోపలికి వచ్చారు. మీటరు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఫిల్టరు తీసి ఉంది సార్" అన్నాను.

"ఆఁ ఆఁ" అన్నారు. సెల్లు తీసి మీటరును ఫొటో తీసుకొని వెళ్లిపోయారు.

విన్నారో, వినీ విననట్టు ఉన్నారో ఆనాడు నాకు తెలియలేదు. చెప్పాల్సింది చెప్పేశానని నా మటుకు నేను చేతులు దులుపుకున్నాను. మరునాడు నెల్లూరు నుంచి మలై కాజాలు తెప్పించి ల్యాబంతా పంచారు. ఆగని పసుపు లేజరులో ఇంత సామర్థ్యం దేశంలో ఎవరికీ రాలేదట. వ్యాసంలో నా పేరు కూడా వేస్తున్నానని భుజం తట్టారు. నేను రెండు కాజాలు తిన్నాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నా మీదే.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి లెక్కల కాగితాలు తెచ్చి నా బల్ల మీద పరిచింది. "అన్నా, ఎంత తిప్పి లెక్క గట్టినా ఇంత పసుపు రాదు. లోపలికి మనం ఇస్తాండేదే ఇంత లేదే. యాడో తప్పుండాది" అంది.

నేను సొరుగు తీసి చుక్కలు పడ్డ ఫిల్టరు చూపించాను.

ఆమె దాన్ని కిటికీ వెలుతురుకెత్తి చూసింది. తర్వాత, "మూడు వారాలు నోట్లో ఏం పెట్టుకోనుంటివన్నా?" అని అడిగింది.

కాజా అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇద్దరం కలిసి సార్ గదిలోకి వెళ్లాం. అక్క కంటికి ముహూర్తం అప్పటికి రెండు రోజుల్లోకి వచ్చింది. ఆసుపత్రి హాల్లో సభ, పెద్దలెవరో వస్తున్నారు, ఫ్లెక్సీలు కట్టేశారు, ఆ అంకె ఫ్లెక్సీ మీద నా అరచేయంత అక్షరాల్లో ఉంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"కొత్త ఫిల్టరుకు ఎన్నాళ్లు పడుతుంది?" అన్నారు.

"నెలపైన పడుతుంది సార్."

"అయితే తర్వాత పెడదాం. ఒక గాజుముక్క కోసం ప్రోగ్రాం ఆపుతామా?"

"సార్, డాక్టరమ్మ మన అంకె నమ్మి, పసుపు ఎంత కావాలో అంత పెడుతుంది. దానితోపాటు కనపడనిది కూడా కంట్లోకి పోతుంది. అది లోపల ఎంత లోతుకు దిగుతుందో ఆమె చేతిలో ఉండదు" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలా మామూలుగా అన్నారు. "ఎట్లాగూ పోయే కన్నే కదయ్యా అది. మనం ముట్టుకోకపోతే మాత్రం నిలుస్తుందా?"

నేను ముప్పైయేళ్లకు పైగా ఆయనలాంటివాళ్ల దగ్గర పనిచేశాను. కేకలేసేవాళ్లను చూశాను, ఫైళ్లు విసిరేసేవాళ్లను చూశాను. ఎవరి మీదా రానంత కోపం ఆ ఒక్క మాటకు వచ్చింది. వారానికి మూడుసార్లు ఆమె చేతి కూడు తినే మనిషి ఆయన. ముళ్లు తీసి పెట్టమని ఆమెను అడిగి మరీ పెట్టించుకునే మనిషి. ఆ అన్నం తిన్న నోటితోనే ఆ మాట అన్నారు. చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. అమ్మాయి ఏదో అనబోయింది. "నీ థీసిస్ సంగతి చూసుకో అమ్మా" అన్నారు ఆయన, అంతే మామూలుగా.

నేను వీరుణ్ణేమీ కాదు. పింఛనుకు ఇంకా కొన్ని నెలలుంది. ఆ మధ్యాహ్నం పాకలో కూర్చుని కూడా అక్కకు నిజం చెప్పలేకపోయాను. అన్నం కెలికి లేస్తుంటే, "ఏందన్నా, పులుసు బాగలేదా?" అంది. బాగుందక్కా అని చెప్పి వచ్చేశాను. ఆమె రెండు రోజులుగా తలస్నానం మానేసి ఉంది, కంటి పని కదా అని.

ప్రోగ్రాం రోజు పొద్దున యంత్రం సార్ కారులో ముందే వెళ్లిపోయింది. నేను కోటలో నెల్లూరు బస్సెక్కాను. టిఫిను డబ్బాలో, ఇడ్లీలకు బదులు మెత్తటి గుడ్డలో చుట్టిన ప్రిజం ఉంది, కలిసి వచ్చే వెలుగులను విడదీసే గాజు. వెంకటాచలం దాటేదాకా దాన్ని వాడాలా వద్దా అని తర్జనభర్జన పడుతూనే ఉన్నాను. ఆసుపత్రి ముందు బంకులో టీ తాగాను. గ్లాసు కింద బస్సు టికెట్టు పెట్టి మరిచిపోయాను. తీసి చూస్తే వేడికి అది నల్లగా మారి ఉంది. ఆ కాగితాల స్వభావమే అంత. నల్ల కాగితం వెలుగును బాగా తాగుతుంది. జేబులో పెట్టుకొని లోపలికి వెళ్లాను.

సార్ హాల్లో శాలువాలు సర్దిస్తున్నారు. లేజరు గదిలో అమ్మాయి యంత్రం సిద్ధం చేస్తోంది. అక్క కంట్లో చుక్కలు వేయించుకొని, కొత్త చీర కట్టుకొని మూల కుర్చీలో కూర్చుని ఉంది. డాక్టరమ్మ వచ్చి యంత్రం చుట్టూ తిరిగి చూసింది. నలభై దాటినావిడ, మాట కటువు.

"మేడం, రెండు నిమిషాలు టైమివ్వండి. ఒకటి చూపించాలి" అన్నాను.

అమ్మాయి నా డబ్బా వైపు చూసింది. ఏమీ అడగకుండా లేచి తలుపు గడియ పెట్టింది. అక్కను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, అందరికీ కళ్లద్దాలు ఇచ్చింది. నేను వెలుగుకు అడ్డంగా ప్రిజం పెట్టాను. ఎదుటి గోడ మీద పసుపు చుక్క పడింది. దానికి నాలుగు వేళ్ల దూరంలో గోడ బోసిగా ఉంది.

"ఇక్కడ ఏమన్నా ఉందా మేడం?" అని అడిగాను.

"ఏమీ లేదు."

పటకారుతో నల్లటి టికెట్టు పట్టుకొని ఆ బోసి గోడ ముందు పెట్టాను. మూడు లెక్కపెట్టేలోగా పొగ లేచింది. టికెట్టుకు బెజ్జం పడింది.

డాక్టరమ్మ చాలాసేపు ఆ బెజ్జం వంకే చూసింది. "ఇది కూడా కంట్లోకి పోతుందా?" అంది.

"ఫిల్టరుంటే పోదు మేడం. ఫిల్టరు లేదు. పాడైంది. పాడుచేసింది నేను. ఆ సంగతి పైవాళ్లకు తెలుసు" అన్నాను. ఇంత చెప్పడానికి నాకు నెల పట్టింది.

తలుపు దబదబ బాదారు. అమ్మాయి గడియ తీసింది. సార్, చేతి మీద శాలువాతో. గదిలో కాలిన వాసన, నా చేతిలో టికెట్టు చూసి ఆయనకు అంతా అర్థమైంది. "డాక్టరుగారూ, ఇతను టెక్నీషియను. ఇతనికి పూర్తి విషయం తెలియదు" అన్నారు.

"మీకు తెలుసు కదా. మీరు చెప్పండి. ఫిల్టరు ఉందా, లేదా?" అంది ఆవిడ.

సార్ ప్రోగ్రాం గురించి, హాల్లో కూర్చున్న పెద్దల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ మధ్యలోనే ఆపేసి, "ఈ యంత్రం నా పేషెంటు దరిదాపుల్లో ఉండకూడదు" అంది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను మనవళ్లకు మీసం దువ్వుతూ చెప్పుకునేవాణ్ణి. డాక్టరమ్మ అక్క కంటిని మళ్లీ పరీక్ష చేసింది. చూస్తూ చూస్తూ ఆవిడ ముఖం గట్టిపడింది. లోపల నాళం చిట్లి రక్తం కారి ఉంది, సరిగ్గా చూపుకు నడుమన. 

"నిన్ను ఎప్పుడు రమ్మన్నానమ్మా? ఆరు వారాలైంది! వెంటనే రమ్మని చెప్పలేదా? ఎందుకు రాలేదు?" అని గద్దించింది.

అక్క భయపడి, అంతకుముందు నా గొంతు వినిపించిన వైపు తిరిగింది. "అన్న ఆగమన్నాడమ్మా" అంది.

ఆ గదిలో అప్పుడు ఎవరూ నన్ను తిట్టలేదు. పక్కగదిలో ఉన్న పాత ఆకుపచ్చ యంత్రంతో డాక్టరమ్మ ఆ అరగంటలో పని ముగించింది. ఆరు వారాల కిందట కూడా అదే గదిలో, అదే యంత్రం, అదే అరగంట. హాల్లో సార్ ఉపన్యాసం ఆగలేదు. మా యంత్రాన్ని వేదిక మీద పెట్టి తెల్లగుడ్డ మీద పసుపు చుక్క వేసి చూపించారు. చప్పట్లు మాకు వినపడ్డాయి.

నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా పరికరాన్ని వాడినందుకు. స్టోరు గదికి మార్చారు. చేరిన వారానికే అక్కడ అటక మీద ధూళి దులుపుతుంటే రెండు పెట్టెల సిలికా జెల్ కనపడింది, సీలు కూడా తీయనిది. స్టాకు లేదని నా ఇండెంటు మీద రాసినవాడు మెట్లెక్కి చూసి ఉండడు. పెట్టెల పక్కన కూలబడి పిచ్చివాడిలా నవ్వాను, ఆ తర్వాత అటక నిచ్చెనను తన్నాను. కాలు వాచింది.

సార్ ఇంకా పెద్ద కుర్చీకి వెళ్లారు. అమ్మాయి ఆయన్ని వదిలేసి వేరే చోట మొదటినుంచి మొదలుపెట్టింది, రెండేళ్లు పోగొట్టుకుంది. ఫిల్టరు పెట్టి, పసుపు ఒక్కటే కొలిచి అంకె వేసింది. మా ఫ్లెక్సీ అంకెలో అది సగం కూడా లేదు. ఆ యంత్రం ఇప్పుడు ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. మా వ్యాసంలోంచి నా పేరు తీసేయమని, ఎందుకో వివరంగా పత్రికకు రాశాను. కొలతలన్నీ నియమాల ప్రకారమే జరిగాయని సార్ జవాబిచ్చారట. అంకె అలాగే ఉంది, పేరూ అలాగే ఉంది. మీరు మీ వ్యాసాల్లో దాన్ని చూపించేముందు ఒకసారి ఇది చదవండి. మీ మీటరు ముందు ఫిల్టరు ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడండి. లేదని పైవాడికి ఒక్కసారి చెప్పి ఊరుకోకండి. వాడు విననట్టు నటిస్తే పదిసార్లు చెప్పండి, పదిమందిలో చెప్పండి.

అక్క పాక ఇప్పటికీ ఉంది. ఎడమ కంట్లో చూపు చాలావరకు నిలిచింది, నడుమ మాత్రం ఒక నల్లచుక్క ఉండిపోయింది. మా లేజరు ఆ కంటిని తాకనేలేదు. అయినా ఆ చుక్కను ఆమె "మీ లేజరు చుక్క" అనే అంటుంది. మొదట్లో సరిదిద్దబోయి, తర్వాత మానుకున్నాను. నెలకోసారి బస్సెక్కి పోయి ఆమె దగ్గర భోంచేస్తాను. మొన్న విస్తరి ముందు కూర్చున్నాక, ఆమె తల పక్కకు వాల్చి, నా భుజం అవతల ఎవరినో చూస్తున్నట్టు నిలబడి వడ్డిస్తోంది. ఎవరున్నారా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"యాడ జూస్తాండావక్కా?" అన్నాను.

"నిన్నే అన్నా. నేరుగా జూస్తే నీ మొగమే కనపడదు, ఆ చుక్క అడ్డమొస్తాది. పక్కకి జూస్తే కనపడతావు" అంది. ముళ్లు వేళ్లతో తడిమి తీసిన చేపముక్క నా విస్తట్లో వేసి, "తిను, సల్లారిపోతాది" అంది.